వాలిస్నేరియా అడిగితే ఏమేమి వచ్చాయంటే

ఖమ్మంలో మాది జిరాక్స్, డీటీపీ షాపు. కౌంటరు వెనక గోడకి చెమ్మ దిగి సున్నం పెచ్చులు రాలుతుంటే, అది కనపడకుండా ఒక అక్వేరియం పెట్టాను. మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగున్నర ఎత్తు. గులకరాళ్ళు పోను 130 లీటర్ల నీళ్ళు పడతాయి. తీరా లైటు వేశాక చూస్తే, అద్దాల్లోంచి గోడ మునుపటికంటే బాగా కనపడటం మొదలైంది. పైగా ఫిల్టరు పైపొకటి. వెనక వరసలో పొడుగు మొక్కలు పెడితే తప్ప లాభం లేదని అప్పుడు అర్థమైంది. ఈ రెండేళ్ళలో అయిదు రకాలు కొన్నాను. వాటిలో ఒకటి, వాలిస్నేరియా అనే గడ్డిలాంటి నీటిమొక్క అడిగితే, నేను అడక్కుండానే దాని బదులు వచ్చింది.

ముందు మా నీళ్ళ సంగతి. బోరు నీళ్ళు. నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 640 చూపిస్తుంది, ఇంట్లో గీజరు రాడ్డు మీద తెల్లటి పెంకు కట్టేస్తుంది. మొక్కల కోసం నీళ్ళలోకి కార్బన్ డయాక్సైడు వదిలే సీఓటూ సిలిండరు పెట్టలేదు, పెట్టే ఉద్దేశమూ లేదు. 24 వాట్ల ఎల్‌ఈడీ, రోజుకి ఏడు గంటలు. చేపలు మోలీలు, గప్పీలు. మీ ఇంట్లో నీళ్ళు ఇలాంటివి కాకపోతే నేను చెప్పేదాంట్లో సగం మీకు పనికిరాదు.

మొదట కొన్నది కబోంబా. హైదరాబాద్‌లో షాపు అద్దాల వెనక విసనకర్రల్లా పరుచుకున్న ఆ సన్నటి ఆకులు చూస్తే ఎవరికైనా చెయ్యి జేబులోకి పోతుంది. కట్ట 60 రూపాయలు. నాలుగు కట్టలు తెచ్చాను. పది రోజులకి కింది ఆకులు రాలి ఫిల్టరు నోట్లో ఇరుక్కోవడం మొదలైంది, నెలకి పైన కుచ్చు మాత్రం మిగిలి కింద కాడలు చీపురు పుల్లల్లా నిలబడ్డాయి. తప్పు మొక్కది కాదు. దానికి మెత్తటి నీళ్ళు, అంటే లవణాలు తక్కువున్నవి, ఆ నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడు, గట్టి వెలుతురు కావాలి. నా దగ్గర ఆ మూడూ లేవు.

దాని బదులు పెట్టింది అంబూలియా, అంటే లిమ్నోఫిలా సెస్సిలిఫ్లోరా. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. దగ్గరగా కణుపు చూడండి. కబోంబాకి ఒక్కో కణుపు దగ్గర ఎదురెదురుగా రెండు ఆకులే ఉంటాయి, అంబూలియాకి కాడ చుట్టూ గుండ్రంగా ఆకులొస్తాయి. ఇది మన దేశపు మొక్కే, బురద నేలల్లో, పొలం గట్ల దగ్గర పెరుగుతుంది. మా బోరు నీళ్ళకి అదేమీ బెదరలేదు. చిక్కల్లా కత్తిరింపుతోనే. వారానికోసారి తుంచి మళ్ళీ గుచ్చకపోతే పైకి పాకి, కింద బోసిగా అయిపోతుంది. అమెరికాలో దీన్ని ప్రమాదకరమైన కలుపు మొక్కల జాబితాలో పెట్టారంటే ఎందుకో నాకు తెలుసు. ఏడు నెలలు ఓపిక పట్టాను. పరీక్షల సీజన్లో షాపులో ఊపిరాడని రోజులొచ్చాయి, మూడు వారాలు ముట్టుకోలేదు, ట్యాంకు పైన పచ్చటి పరుపు తయారైంది. చేతిలో టైమున్నవాళ్ళకి మంచి మొక్క.

అప్పుడు గడ్డిలా నిలువుగా పెరిగేది కావాలనుకున్నాను. వాలిస్నేరియా స్పైరాలిస్, పది మొక్కలు 150 రూపాయలు, కొరియర్‌కి వేరే 120. తడి కాగితంలో చుట్టి వచ్చాయి. జాగ్రత్తగా నాటాను. నాటేటప్పుడు వేరు, ఆకు కలిసే తెల్లటి మొదలు ఇసుకలో కూరుకుపోకూడదు, కూరుకుపోతే కుళ్ళుతుంది. ఆ జాగ్రత్త అంతా తీసుకున్నాను. రెండు నెలలైనా మొక్కలు జానెడు దాటలేదు. ఆకులు మందంగా, పక్కలకి వంగి, మొన తేలి ఉన్నాయి. లైటు సరిపోలేదేమోనని గంట పెంచాను. ఇంకా పొట్టిగా అయ్యాయి.

అసలు సంగతేమిటంటే అది వాలిస్నేరియా కాదు, సాజిటేరియా సుబులాటా. ఇవి ఒక కుటుంబం మొక్కలు కూడా కావు. చిన్నప్పుడు రెండూ అచ్చంగా ఒకేలా ఉంటాయి, రెండూ నేలలో పిలకలు వేసుకుంటూ పాకుతాయి. తేడా పట్టుకోవడం మాత్రం తేలికే. ఒక ఆకు తీసి కొన దగ్గర అంచు మీద గోటితో మెల్లగా గీరండి. వాలిస్నేరియా అయితే సన్నటి పళ్ళు గోటికి తగులుతాయి. సాజిటేరియా అంచు నున్నగా జారిపోతుంది. సుబులాటా అనే లాటిన్ మాటకి చెప్పులు కుట్టే ఆరెలా ఉండేది అని అర్థం, ఆకు కొన చూస్తే ఎందుకన్నారో తెలుస్తుంది. వెలుతురు బాగా ఉంటే ఇది పొట్టిగానే ఉండిపోతుంది, అందుకే నేను గంట పెంచితే కుంచించుకుపోయింది.

అమ్మినతనికి ఫోటో పంపి అడిగితే, "రెండూ ఒకటే అన్నా, పేరే తేడా" అన్నాడు. డబ్బు సంగతి ఎత్తితే ఫోన్ ఎత్తడం మానేశాడు. అతని పేరు ఇక్కడ రాయను. చెట్టు మీద కోపం తీర్చుకోవడం ఎందుకని సాజిటేరియాని వెనక నుంచి తీసి మధ్య వరసలో నాటాను. అక్కడ దానికంటే బాగా నప్పేది ఇంకోటి లేదు. ఆకులు పసుపు తిరిగితే మాత్రం వేళ్ళ దగ్గర ఎరువు బిళ్ళ పెట్టాలి, ఇనుము తక్కువైతే ముందు అదే చెబుతుంది.

రెండోసారి జంబో వాల్ అని ఇంకోచోట కొన్నాను. ఇది నిజం వాలిస్నేరియానే, జైగాంటియా అంటారు. ఆకు దాదాపు రెండు సెంటీమీటర్ల వెడల్పు, మీటరు దాటి పెరిగింది. నా ట్యాంకులో నీళ్ళ లోతు 16 అంగుళాలు! మిగతాదంతా పైన చాప పరిచినట్టు పరుచుకుని, కింద ఉన్న సాజిటేరియాకి వెలుతురు లేకుండా చేసింది. మోలీ పిల్లలకి దాక్కోడానికి బాగుంది గానీ మా ఆవిడ వచ్చి, "ఇదేంటండీ, ట్యాంకులో అరటాకులు నానబెట్టారా?" అంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు ఉన్న ట్యాంకు అయితేనే దాని జోలికి వెళ్ళండి.

చివరికి మామూలు స్పైరాలిస్సే దొరికింది, ఈసారి కొనకముందు ఆకు కొన గీరి చూశాను. ఒక మాట. స్పైరాలిస్ అంటే ఆకులు మెలికలు తిరిగి ఉంటాయని చాలామంది అనుకుంటారు. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన ఈ పేరు ఆకుని చూసి కాదు, స్ప్రింగులా చుట్టుకునే ఆడపువ్వు కాడని చూసి పెట్టింది. ఆకులే మెలిక తిరిగే రకం వేరే ఉంది, జపాన్‌లోని బివా సరస్సుది. అడిగేటప్పుడు ఏది కావాలో తేల్చి చెప్పండి.

నాటిన వారానికి ఆకులన్నీ గాజులా పారదర్శకమై కరిగిపోయాయి. ఇది మామూలే, పీకకుండా ఉంటే మూడు వారాల్లో కొత్త చిగురు వస్తుంది, వచ్చింది కూడా. రెండోసారి కరిగింది మాత్రం నా చేతకానితనం వల్ల. తొందరగా పెరగాలని లిక్విడ్ కార్బన్ అని అమ్మే సీసా ఒకటి తెచ్చి రోజూ పోశాను. అందులో ఉండేది గ్లూటరాల్డిహైడ్, ఆస్పత్రుల్లో పరికరాల మీద క్రిములు చంపడానికి వాడేది. వాలిస్నేరియాకి అది అస్సలు పడదు. వారంలో ఇరవై మొక్కలు ఆరయ్యాయి. సీసా ఇప్పుడు మరుగుదొడ్డి అటక మీద ఉంది.

అది మానేశాక ఇక ఆగలేదు. లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్ళలోని బైకార్బొనేట్ నుంచే కార్బన్ లాక్కోగలదు కాబట్టి, కబోంబాని చంపిన మా బోరు నీళ్ళే దీనికి పాయసమయ్యాయి. మే నెలలో నీళ్ళు 32 డిగ్రీలు దాటినా కొంచెం నీరసపడిందంతే. ఎనిమిది నెలలకి వెనక అద్దం మొత్తం పచ్చటి తెర. పొడుగైన ఆకుల్ని మధ్యలో కత్తిరిస్తే కోసినచోట గోధుమరంగు తిరుగుతోంది, అందుకని ముదురు ఆకుని మొదటికంటా తీసేస్తున్నాను. కిందటి నెల నీళ్ళపైన బియ్యపు నూకంత తెల్లటి పువ్వు తేలింది, కింద దారంలాంటి కాడ. ఆడపువ్వు. మగపువ్వు ఒక్కటీ కనపడలేదు. దీంట్లో ఆడమొక్క, మగమొక్క వేరు, నా దగ్గరున్నవి అన్నీ ఒకే తల్లి పిలకలై ఉంటాయి.

గోడ కనపడటం లేదు. పిలకలు ఎక్కువై వారానికి గుప్పెడు పీకి బకెట్లో వేస్తున్నాం. ఆధార్ జిరాక్సుకి వచ్చినవాళ్ళెవరైనా అడిగితే షాపు కుర్రాడు పాలిథిన్ కవర్లో కట్టి ఇస్తాడు, ముందు ఆకు కొన గోటితో ఒకసారి గీరి చూసి. మధ్య వరస సాజిటేరియా పిలకలు కూడా ఆ బకెట్లోకే వస్తున్నాయి మరి.