నీళ్లు పంచే ఒప్పందమా, నదిని కాపాడే ఒప్పందమా: ఏది మేలు?

మా విజయవాడలో కృష్ణ గురించి మాట మొదలైతే చాలు, టీఎంసీలు వచ్చేస్తాయి. నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి 800 ఇచ్చింది, పైవాళ్లు ఎంత ఆపారు, బ్యారేజీ దగ్గర 12 అడుగులు ఉందా లేదా. ఆ లెక్కలు నాకూ నోటికొచ్చు. కానీ మొన్న పొద్దున్నే బందరు కాలువ గట్టు మీద నడుస్తుంటే గుర్రపు డెక్కలో ఇరుక్కున్న పాల ప్యాకెట్లు, పూజ పూలు, ఒక పరుపు ముక్క కనిపించాయి, వాటికి నాలుగడుగుల అవతల ఒకావిడ బట్టలు జాడిస్తోంది. ఆ నీళ్లు కూడా మన వాటాలోవే కదా!

దేశాల మధ్య పారే నదుల ఒప్పందాలు చదివితే అక్కడా ఇదే తేడా కనిపిస్తుంది.

మొదటి రకం పంపకం. 1960 సింధు ఒప్పందంలో రావి, బియాస్, సట్లెజ్ మనకి, సింధు, జీలం, చీనాబ్ పాకిస్థాన్‌కి. అన్నదమ్ములు గట్టు వేసుకుని పొలం పంచుకున్నట్టు నదుల్నే పంచేశారు. 1965, 1971, కార్గిల్, ఇన్ని యుద్ధాలను తట్టుకుని నిలబడింది, అది మామూలు విషయం కాదు. చివరికి 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత మన ప్రభుత్వం దాన్ని నిలిపేసింది. బంగ్లాదేశ్‌తో 1996 గంగా ఒప్పందం ఇంకా సూటిగా ఉంటుంది: జనవరి నుంచి మే దాకా ఫరక్కా దగ్గర 70 వేల క్యూసెక్కులు, లేదా అంతకన్నా తక్కువ వస్తే చెరి సగం. పైరు ఎండిపోతున్న రైతుకి కావలసింది ఇలాంటి అంకే, దీన్ని నేను తక్కువ చేయను.

రెండో రకం కాపలా. అమెరికా, కెనడా 1909లోనే సరిహద్దు జలాలను ఒకరి వల్ల ఇంకొకరి ఆరోగ్యానికి, ఆస్తికి హాని జరిగేలా పాడుచేయకూడదని రాసుకున్నాయి. చెరో ముగ్గురితో ఉమ్మడి కమిషన్ పెట్టుకున్నాయి, జనాభాలో కెనడా ఎంత చిన్నదైనా సభ్యులు మాత్రం సమానం. 1972లో మహా సరస్సుల నీటి నాణ్యత కోసం ఇంకో ఒప్పందం చేసుకుని ఈరీ సరస్సులోకి చేరే ఫాస్ఫరస్ తగ్గించే పని పట్టారు. అయినా పొలాల ఎరువులు కొట్టుకొచ్చి నాచు విషమై, 2014 ఆగస్టులో ఆ సరస్సు నీళ్లు తాగే అమెరికా నగరం టొలీడోలో రెండు మూడు రోజులు కొళాయి నీళ్లు తాగొద్దన్నారు. కమిషన్ చెప్పగలదు, మెడలు వంచి చేయించలేదు. ఈ రకంలో ఉన్న పెద్ద లోటు అదే.

ఈ రకంలోనే యూరప్‌లోని రైన్ నది కథ నాకు మరీ ఇష్టం. 1986 నవంబరు 1న స్విట్జర్లాండ్‌లోని బాజెల్ దగ్గర రసాయనాల గోదాము కాలితే, మంటలార్పిన నీళ్లతో పాటు పురుగుమందులు నదిలో కలిసి నీళ్లు ఎర్రబడ్డాయి, మలుగు చేపలు లక్షకు పైగా చచ్చాయి. ఆ మరుసటి ఏడే నదీ తీర దేశాలు కూర్చుని, 2000 నాటికి సాల్మన్ చేప మళ్లీ ఈ నదిలోకి రావాలని పెట్టుకున్నాయి, అది వచ్చింది కూడా. క్యూసెక్కుల బదులు చేపను కొలబద్దగా పెట్టుకోవడం ఎంత గొప్ప ఆలోచనో చూడండి, ఎందుకంటే చేప బతకాలంటే నీళ్లుండాలి, శుభ్రంగానూ ఉండాలి, మధ్యలో దారీ ఉండాలి.

మూడోది ఐక్యరాజ్యసమితి 1997 ఒప్పందం. అందులో న్యాయమైన వాడకం, పొరుగువాడికి పెద్ద హాని చేయకపోవడం, ముందుగా చెప్పడం, అన్నీ ఉన్నాయి. కానీ 35 దేశాల ఆమోదం దొరికి అమల్లోకి వచ్చేసరికి 2014 అయింది, ఓటింగ్‌లో మన దేశం తటస్థంగా ఉండిపోయింది. దాని మీద ఇప్పట్లో నాకు పెద్ద ఆశ లేదు.

నన్నడిగితే రెండో రకమే మేలు. మనం కృష్ణ చివర ఉన్నవాళ్లం, రైన్ చివర నెదర్లాండ్స్ లాగా. రైన్ మీద ఎగువన విషం కలిస్తే కిందివాళ్లకి వెంటనే కబురు వెళ్లే ఏర్పాటు ఉంది, నది నుంచి నీళ్లు తీసుకునే ఇంటేక్ మూసుకునే టైమ్ దొరుకుతుంది. చివరి ఊరికి వాటా ఎంత ముఖ్యమో ఆ కబురూ అంతే ముఖ్యం. గంగా ఒప్పందం 30 ఏళ్ల గడువు 2026 డిసెంబరుతో తీరుతుంది. కొత్తది రాసేవాళ్లు ఆ చెరి సగం లెక్క అలాగే ఉంచి, దాని పక్కనే నీళ్లు ఎలా ఉండాలో కూడా అంకెల్లో రాయాలి. కృష్ణ గొడవలు తేల్చేవాళ్లకీ నేను చెప్పేది ఇదే.