తాళం గుర్తున్న బటన్: డీఎల్‌సీలతో నిండిన ఒక మ్యాప్ గేమ్‌ను కొన్నేళ్లు ఆడిన తర్వాత

ఈ గేమ్ మీద నా ఫిర్యాదు డీఎల్‌సీల (గేమ్ కొన్న తర్వాత విడిగా అమ్మే అదనపు భాగాల) సంఖ్య గురించి కాదు. స్టోర్ పేజీలో ఎంత కిందికి వెళ్లినా తరగని ఆ జాబితాను చూసి చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు, వారిని తప్పుపట్టలేను. కానీ కొన్నేళ్లుగా దీన్ని ఆడుతున్న నాకు ఆ జాబితా కన్నా ఎక్కువ కోపం తెప్పించేది ఒక చిన్న బటన్. మ్యాప్‌లో ఏ ప్రాంతాన్ని నొక్కినా తెరుచుకునే ప్యానెల్‌లో, పన్ను ఆదాయం అంకెల పక్కనే, అది బూడిద రంగులో తాళం గుర్తుతో కనిపిస్తుంది. దాని మీద మౌస్ ఉంచితే ఈ సౌకర్యం ఒక ఎక్స్‌పాన్షన్ (పెద్ద డీఎల్‌సీ) కొన్నవారికి మాత్రమే అని ఒక వాక్యం వస్తుంది, నొక్కితే ఆ ఎక్స్‌పాన్షన్ స్టోర్ పేజీ తెరుచుకుంటుంది. గేమ్ పేరు ఇక్కడ ముఖ్యం కాదు. ఒక దేశాన్ని ఎంచుకుని శతాబ్దాల పాటు నడిపించే ఈ తరహా గేమ్‌లు ఆడేవారికి ఈ పద్ధతి పరిచయమే కాబట్టి, గ్రాఫిక్స్, కంప్యూటర్ అవసరాలు, బేస్ గేమ్‌లో (డీఎల్‌సీలు లేని అసలు గేమ్‌లో) ఏముందో వంటి వివరాలు వదిలేసి నేరుగా ఆ బటన్ దగ్గరికే వస్తాను.

సముద్ర వర్తకం మీద బతికే ఒక చిన్న తీర రాజ్యాన్ని తీసుకుని, యుద్ధాలు వీలైనంత తక్కువగా చేస్తూ, నెలల తరబడి వారాంతాల్లో ఒకే ఆటను ముందుకు నడిపాను. ఇలాంటి గేమ్‌లో నాకు నచ్చేది గెలుపు కాదు, నెమ్మదిగా ఒక రాజ్యానికి స్వభావం ఏర్పడటం. ఏ రేవులో ఏ సరుకు దిగుతుందో, ఏ జలసంధిని పట్టుకుంటే పొరుగువారి ఓడలు మనకు సుంకం కట్టి వెళ్లాల్సి వస్తుందో తెలిసేకొద్దీ ఆ మ్యాప్ మన సొంతమవుతుంది. నా నౌకాదళం పెద్దదేమీ కాదు, అయినా తరాల తరబడి ఆ ఒక్క జలసంధిని అది వదలలేదు.

ఆ ఆట మధ్యలో ఉండగా ఒక ఉచిత ప్యాచ్, అంటే గేమ్‌ను మార్చే అప్‌డేట్, వచ్చింది. అది దానంతట అదే ఇన్‌స్టాల్ అయింది. అంతవరకు ప్రతి దేశమూ తగిన ఖర్చు పెట్టి సాంకేతిక స్థాయిని పెంచుకునేది. కొత్త ప్యాచ్ ఆ నియమాన్ని మార్చింది. కొత్త విద్యలు మ్యాప్‌లో ఏదో ఒక నగరంలో పుట్టి, అక్కడి నుంచి ఇరుగుపొరుగు ప్రాంతాలకు నెమ్మదిగా పాకుతాయి, అవి చేరని దేశానికి ప్రతి సాంకేతిక మెట్టు ఏటికేడు మరింత ఖరీదవుతుంది. ఆలోచనగా ఇది చాలా మంచిదని ఇప్పటికీ అంటాను. చరిత్రలో జ్ఞానం నిజంగానే దారుల వెంట, రేవుల వెంట ప్రయాణించింది, దాన్ని ఆట నియమంగా మలచడం చిన్న పని కాదు.

చిక్కు ఎక్కడంటే, ఆ విద్య మన దగ్గరికి త్వరగా చేరేలా చేసుకునే మార్గం ఒక్కటే ఉంది. ఒక ప్రాంతం మీద పెట్టుబడి పెట్టి దాన్ని విద్యాకేంద్రంగా ఎదగనివ్వాలి. ఆ పని చేసే బటనే తాళం గుర్తున్న బటన్. నియమం అందరికీ ఉచితంగా వచ్చింది, దాన్ని తట్టుకునే సాధనం మాత్రం అదే రోజు విడుదలైన డీఎల్‌సీలో ఉంది. కంప్యూటర్ నడిపే దేశాలకు కూడా నా ఆటలో ఆ సాధనం లేదన్నది నిజమే కాబట్టి, కాగితం మీద అందరమూ సమానమే. కానీ విద్య పుట్టిన నగరానికి ఆనుకుని ఉన్న దేశాలకు అది ఊరికే చేరిపోయింది, సముద్రానికి ఆ చివర ఉన్న నా రాజ్యానికి చేరలేదు. ఖర్చు వివరాల మీద మౌస్ ఉంచిన ప్రతిసారీ జరిమానా శాతం ఎర్ర అక్షరాల్లో ఇంకొంచెం పెరిగి కనిపించేది. పొరుగు రాజ్యం తర్వాతి తరం ఓడలను దించింది. తరాలుగా నిలబెట్టుకున్న జలసంధి ఒక్క యుద్ధంలో పోయింది. ఓడిపోవడం నాకు బాధ కాదు, ఈ గేమ్‌లో ఓటములే మంచి కథలవుతాయి. కానీ ఓటమికి కారణం నా నిర్ణయాల్లో ఎంత వెతికినా దొరకకపోగా, అది స్టోర్ పేజీలో ఉండటం భరించలేనిదిగా అనిపించింది.

ఇక్కడే ఊహించని మేలు ఒకటి జరిగింది. స్టీమ్‌లో (పీసీ గేమ్‌లు కొని ఆడే స్టోర్‌లో) గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళితే బీటాస్ అనే విభాగం ఉంటుంది. పేరును బట్టి అది రాబోయే వెర్షన్లను పరీక్షించేవారి కోసమే అనిపిస్తుంది గానీ, డెవలపర్లు అనుమతిస్తే పాత వెర్షన్లు కూడా అక్కడే దొరుకుతాయి. ఈ గేమ్ డెవలపర్లు పాత వెర్షన్లను వరుసగా అందుబాటులో ఉంచారు. ప్యాచ్‌కు ముందటి వెర్షన్‌ను ఎంచుకున్నాను, కొంత డౌన్‌లోడ్ అయిన తర్వాత, ప్యాచ్ రాకముందు దాచుకున్న సేవ్ ఫైల్ ఏ హెచ్చరికా లేకుండా తెరుచుకుంది. నా జలసంధి, నా ఓడలు, నా సుంకం, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ ఆటను ఆ పాత వెర్షన్‌లోనే చివరి వరకు ఆడి ముగించాను. ఈ ఒక్క సదుపాయం లేకపోతే ఈ సమీక్ష రాసేంత ఓపిక నాకు మిగిలేది కాదు. డీఎల్‌సీలు ఎక్కువగా ఉన్న ఏ గేమ్ కొనే ముందైనా, పాత వెర్షన్లు అందుబాటులో ఉన్నాయో లేదో చూసుకోమని గట్టిగా చెబుతాను. అయితే దీనికీ ఒక ధర ఉంది. పాత వెర్షన్‌లో ఆ తర్వాత సరిచేసిన లోపాలు అలాగే ఉండిపోతాయి, కొత్త వెర్షన్ కోసం మార్చిన మాడ్‌లు (ఆటగాళ్లే తయారుచేసే మార్పులు) పనిచేయవు. నేను వాడే మ్యాప్ రంగుల మాడ్ కూడా ఆ జాబితాలో పోయింది.

విడుదలై ఏళ్లు గడిచినా వదిలేయకుండా ఉచిత ప్యాచ్‌లు ఇస్తున్న గేమ్ అని దీన్ని స్నేహితులకు చాలాకాలం సిఫారసు చేశాను. ఆ మాట ఇప్పటికీ అబద్ధం కాదు గానీ, దాన్ని కొంచెం సవరించి చెప్పాలి. ఉచిత ప్యాచ్ ఎప్పుడూ ఒంటరిగా రాదు, డీఎల్‌సీతో కలిసి వస్తుంది, దాని ఖర్చును ఆ డీఎల్‌సీ అమ్మకాలే భరిస్తాయి. ఆ ఏర్పాటులో అన్యాయమేమీ లేదు. నో మ్యాన్స్ స్కై అనే గేమ్ 2016లో విడుదలైనప్పటి నుంచి పెద్ద పెద్ద అప్‌డేట్‌లను ఉచితంగా ఇస్తోంది, కానీ ప్రతి అప్‌డేట్‌తోనూ కొత్త కొనుగోలుదారులను రప్పించుకునే అవకాశం దానికి ఉంది. ఓపికగా నేర్చుకుంటే తప్ప ఆడలేని మ్యాప్ గేమ్‌కు ఆ అవకాశం తక్కువ. పాత ఆటగాళ్ల దగ్గరే మళ్లీ డబ్బు అడగక తప్పదని ఒప్పుకుంటాను. ఏది అమ్ముతున్నారన్నదే నా ప్రశ్న.

2006లో ఆబ్లివియన్ గేమ్‌లో గుర్రపు కవచాన్ని ఎక్స్‌బాక్స్‌లో 2.50 డాలర్లకు అమ్మినప్పుడు పెద్ద దుమారం రేగింది. ఆ పేరు నేటికీ అత్యాశకు గుర్తుగా వాడుకలో ఉంది. నా లెక్కలో మాత్రం అది చాలా మర్యాదగల సరుకు. కొనకపోతే గుర్రానికి కవచం ఉండదు, ఆటలో మరేదీ మారదు. ట్రైన్ సిమ్యులేటర్‌కు వందల కొద్దీ డీఎల్‌సీలు ఉన్నాయని ఎగతాళి చేసేవారున్నారు. కానీ అక్కడ ఒక్కో డీఎల్‌సీ ఒక్కో మార్గం లేదా ఒక్కో ఇంజిన్. తమకు ఇష్టమైన రైలు మార్గం ఒకటి కొనుక్కుని ఏళ్లపాటు దాని మీదే నడిపేవారికి మిగతావి లేని లోటు తెలియదు. ఇళ్లను, కుటుంబాలను నడిపించే ద సిమ్స్ 4 బేస్ గేమ్‌ను 2022 అక్టోబరు నుంచి ఉచితం చేశారు, ప్యాక్‌లన్నీ (దాని డీఎల్‌సీలన్నీ) పూర్తి ధరకు కొంటే వెయ్యి డాలర్లు దాటుతుంది. ఆ మొత్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, నిజమే. అయినా పెంపుడు జంతువులు అక్కర్లేని ఇంటికి వాటి ప్యాక్ కొనాల్సిన పని లేదు. ఇంటికి అదనపు గది అమ్మడం వేరు, ఉన్న మెట్లను తీసేసి నిచ్చెన అమ్మడం వేరు. నా గేమ్ చేసింది రెండోది.

మరోవైపు ద విచర్ 3 అనే గేమ్ ఉంది. 2015లో 16 చిన్న డీఎల్‌సీలను అందరికీ ఉచితంగా ఇచ్చి, రెండు పెద్ద ఎక్స్‌పాన్షన్లను మాత్రమే అమ్మారు, ఆ రెండూ బేస్ గేమ్‌ను ముట్టుకోకుండా తమ కథలను తాము చెప్పుకున్నాయి. ఆటగాళ్ల కోపానికి ఫలితం ఉండదని కూడా అనలేం. 2024లో సిటీస్: స్కైలైన్స్ 2కు వచ్చిన బీచ్ ప్రాపర్టీస్ అనే డీఎల్‌సీ మీద తీవ్ర విమర్శలు రావడంతో, దాని అమ్మకాన్ని ఆపి, విడిగా కొన్నవారికి డబ్బు వెనక్కి ఇచ్చి, అందరికీ ఉచితం చేశారు.

ఇంతకీ ఆ డీఎల్‌సీ కొన్నానా అంటే, కొన్నాను, భారీ డిస్కౌంట్ వచ్చేవరకు ఆగి. అంతకు ముందే దాన్ని వేరే దారిలో చూశాను. ఈ గేమ్ మల్టీప్లేయర్‌లో హోస్ట్ (ఆటను ఏర్పాటుచేసే వ్యక్తి) దగ్గరున్న డీఎల్‌సీలన్నీ ఆ ఆటలో పాల్గొనే అందరికీ పనిచేస్తాయి. దాదాపు అన్నీ కొన్న ఒక మిత్రుడు హోస్ట్ చేసిన ఆటలో నేను కూడా విద్యాకేంద్రాలు కట్టాను. ఒక రేవు పట్టణం మీద పెట్టుబడి పెట్టి, అక్కడి నుంచి కొత్త విద్య లోపలి జిల్లాలకు పాకడం చూడటం ఈ గేమ్‌లో నాకు దొరికిన గొప్ప ఆనందాల్లో ఒకటి. అంత బాగుంది కాబట్టే కోపం తగ్గలేదు. గేమ్‌కు గుండెకాయ లాంటి భాగాన్ని విడిగా కట్టి అమ్మారు. అదే ఆటలో మరో సంగతి కూడా తెలిసింది. మిగతా డీఎల్‌సీలలో చాలావాటి వల్ల స్క్రీన్ మీద కొత్త గుర్తులు, కొత్త మీటర్లు పెరిగాయే తప్ప నా నిర్ణయాలు మారలేదు, వాటిని కొనాలన్న కోరిక అక్కడితో పోయింది. నా దగ్గరున్న వాటిలోనూ కొన్నింటిని ఇప్పుడు లాంచర్‌లో (గేమ్ మొదలయ్యే ముందు వచ్చే తెరలో) ఆపేసి ఆడుతున్నాను, ఆట తేలికపడింది.

నెలవారీ సబ్‌స్క్రిప్షన్ కూడా ఉంది. ఒక నెల తీసుకుంటే అన్ని డీఎల్‌సీలూ తెరుచుకుంటాయి. గడువు ముగిశాక ఆ సేవ్‌ను తెరిస్తే కట్టిన కేంద్రాలు అలాగే ఉంటాయి గానీ కొత్తవి కట్టే బటన్ మళ్లీ బూడిద రంగులోకి మారిపోతుంది. వారాంతాల్లో మాత్రమే, ఒకే ఆటను నెలల తరబడి ఆడే నాకు అది సరిపడలేదు. సెలవుల్లో వరుసగా కూర్చుని ఒక ఆట పూర్తిచేయగలిగేవారికి మాత్రం విడివిడిగా కొనడం కన్నా అదే లాభం.

నేను ఎక్కువగా ఒంటరిగా, నిదానంగా, మ్యాప్ అంచుల్లోని చిన్న దేశాలతో ఆడతాను కాబట్టి ఆ బటన్ లేని లోటు నాకు తగిలినంతగా అందరికీ తగలకపోవచ్చు. మ్యాప్ మధ్యలోని పెద్ద సామ్రాజ్యంతో మొదలుపెట్టేవారికి విద్య దానంతట అదే వచ్చి చేరుతుంది, వారు బేస్ గేమ్‌తో చాలాకాలం హాయిగా ఆడుకోగలరు. డీఎల్‌సీలన్నీ ఉన్న మిత్రుడు ఎవరైనా ఉంటే బేస్ గేమ్ మాత్రమే కొనుక్కుని వారి ఆటలో చేరడం అన్నింటికన్నా మేలు. అలాంటి మిత్రుడు లేక, నాలాగే చిన్న దేశాలను ఇష్టపడేవారైతే, బేస్ గేమ్ ధరకు ఆ ఒక్క ఎక్స్‌పాన్షన్ ధరను కూడా కలుపుకుని, ఆ మొత్తం సమ్మతమనిపిస్తేనే కొనండి. ఆటో అప్‌డేట్ వల్ల సాగుతున్న ఆట మధ్యలో నియమాలు మారకుండా, మొదటి రోజే బీటాస్ విభాగంలో ఒక వెర్షన్‌ను ఎంచుకుని పెట్టుకోండి.