మార్సేయ్‌లో గది మోసం, నొఆయ్ బజారులో భోజనం

ప్యారిస్ నుంచి దక్షిణ ఫ్రాన్స్ రేవుపట్నం మార్సేయ్‌కి టీజీవీ అనే వేగం రైల్లో మూడుంపావు గంటలు, హాయిగా వచ్చాం. ఇబ్బందంతా గదితోనే. సాన్ షార్ల్ స్టేషన్ దగ్గర రెండు రాత్రులకు 136 యూరోలు ఆన్‌లైన్‌లో ముందే కట్టాం. తీరా వెళ్తే కిటికీ లేదు, గోడంతా చెమ్మ. పైగా గది యజమాని శుభ్రం చేసినందుకని మరో 25 యూరోలు నగదుగా తీసుకున్నాడు, రసీదు అడిగితే మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. మా ఆవిడ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. దయచేసి గది చూడకుండా డబ్బు కట్టకండి.

ఆకలేసి నొఆయ్ బజారుకు నడిచాం. అటు వెళ్లొద్దని చాలామంది భయపెట్టారు. వాళ్ల మాట విని ఉంటే ఈ ఊళ్లో దొరికిన ఒకే ఒక్క మంచి పూట పోయేది! ఓ చిన్న అల్జీరియా దుకాణంలో పెద్దావిడ నూనె చేతులతో రవ్వపిండి ముద్దని బొబ్బట్టులా ఒత్తి, ఇంకా పల్చగా సాగదీసి, ఉల్లిపాయ టమాటా కూర పెట్టి మడిచి పెనం మీద కాల్చి ఇచ్చింది. మహాజెబ్ అంటారు, ఒకటి 3 యూరోలు. వారం రోజులుగా బ్రెడ్డూ చీజుతో నెట్టుకొస్తున్న మా ఆవిడ, శుద్ధ శాకాహారి, మూడు తిన్నది.

దుకాణం పెద్దావిడ కొడుకు ఇక్కడే పుట్టాడు. అతని తాత 1950లలో అల్జీరియాలోని కబీలియా కొండల నుంచి ఓడరేవు పనికి ఒంటరిగా వచ్చాడట, నాలుగు డబ్బులు చేసుకుని వెళ్లిపోదామని. 1962లో అల్జీరియాకి స్వాతంత్ర్యం వచ్చినా పని ఇక్కడే ఉంది, చివరికి భార్యాపిల్లలూ ఇక్కడికే వచ్చేశారు. గోడ మీద ఫుట్‌బాల్ ఆటగాడు జిదాన్ ఫోటో ఉంది. ఆయన తల్లిదండ్రులదీ కబీలియానే, ఆయన పెరిగింది ఈ ఊరి ఉత్తరాన లా కాస్టెలాన్ కాలనీలో.

మా గది సంగతి చెప్పగానే పెద్దావిడ కొడుకు మొహం మారిపోయింది. ఈ పక్కనే ఓబాన్య వీధిలో 2018 నవంబరు 5న పాత ఇళ్లు కూలి 8 మంది చనిపోయారు, చెమ్మ గోడ అంటే ఇక్కడివాళ్లు తేలిగ్గా తీసుకోరు. వెంటనే ఫోన్ తీసుకుని మా గది యజమానితో ఫ్రెంచ్‌లో గట్టిగా మాట్లాడాడు. రాత్రికి 25 యూరోలు మా చేతికొచ్చాయి, గది కూడా మార్చారు. మేమెవరమని అంత చేశాడో, తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. బాదంతో చేసిన రవ్వ మిఠాయి, కల్బ్ ఎల్ లూజ్, డబ్బు తీసుకోకుండా పొట్లం కట్టి ఇచ్చాడు.

మర్నాడు లా జోలియెట్ రేవుకి వెళ్లాం. అల్జీరియా రాజధాని అల్జీర్స్‌కి వెళ్లే ఓడ కోసం కార్లు బారులు తీరి ఉన్నాయి, ఒక్కోదాని పైన మనిషెత్తు సామాను. శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ ఆ దుకాణానికే, ఆవిరి మీద ఉడికించిన గోధుమ రవ్వ వంటకం కుస్కుస్ 9 యూరోలు. ఒంటిగంట లోపే వెళ్లండి, తర్వాత అయిపోతుంది.