జాలీ ఫోనిక్స్: తెలుగు ఇళ్ల పిల్లలకు ఎంతవరకు పనికొస్తుంది?

ఏబీసీడీలను తప్పు లేకుండా అప్పజెప్పే పిల్లలు కూడా మూడక్షరాల ఇంగ్లీషు మాట ఎదురైతే ఆగిపోతున్నారంటే, వారికి అక్షరాల పేర్లే తప్ప ధ్వనులు తెలియవని అర్థం. "సీ, ఏ, టీ" అని ఎంత వల్లించినా "క్యాట్" రాదు. ఈ లోటును తీర్చడంలో బ్రిటన్‌కు చెందిన సూ లాయిడ్, సారా వెర్నమ్ రూపొందించిన, అక్షరాల ధ్వనులను కలిపి ఇంగ్లీషు చదవడం నేర్పే జాలీ ఫోనిక్స్ నిజంగా గట్టి కార్యక్రమమే.

ఇందులో 42 ధ్వనులను ఏడు వర్గాలుగా నేర్పుతారు. అక్షరమాల వరుసను పక్కనపెట్టి ఎస్, ఎ, టి, ఐ, పి, ఎన్‌లతో మొదలుపెట్టడం నాకు బాగా నచ్చిన అంశం. ఈ ఆరు ధ్వనులు వస్తే చాలు, పిన్, టిన్, సిట్, ట్యాప్ వంటి మాటలను పిల్లలు తొలి వారాల్లోనే సొంతంగా కూడబలుక్కుని చదవగలుగుతారు. ఎస్‌కు చేతిని పాములా మెలికలు తిప్పడం, టి‌కి టెన్నిస్ ఆట చూస్తున్నట్టు తల అటూ ఇటూ తిప్పడం వంటి అభినయాలు ధ్వనిని గుర్తుంచుకోవడానికి తోడ్పడతాయి.

గుణింతాలు వచ్చిన పిల్లలకు ధ్వనులను కలపడం కొత్త కాదు. కానీ ఆ అలవాటే ఒక చిక్కును కూడా తెస్తుంది. మన హల్లు అకారంతో కలిసి పలుకుతుంది కనుక, టీచరు బి, టి ధ్వనులను "బ", "ట" అని నేర్పితే, పిల్లలు ఎంత ప్రయత్నించినా "బ్యాట్" దగ్గరికి చేరలేరు. వాటిని "బ్", "ట్" అని పొల్లుగా, క్లుప్తంగా పలకాలి. శిక్షణ లేని టీచరు చేతిలో ఈ కార్యక్రమం విలువ సగానికి పైగా పోతుందని నేను నమ్ముతున్నాను.

అంతకంటే పెద్ద సమస్య అర్థానిది. చిన్నపిల్లలకు చదవడం ఎలా నేర్పాలన్న దానిపై 2006లో వచ్చిన రోజ్ నివేదిక తర్వాత, ధ్వనులను కలిపి చదివించే పద్ధతికి ఇంగ్లండ్ బడుల్లో ప్రాధాన్యం పెరిగింది. 2012 నుంచి అక్కడ మొదటి తరగతి పిల్లలకు 40 మాటలు చదివించే పరీక్ష పెడుతున్నారు, అందులో సగం అర్థం లేని కల్పిత పదాలే. అక్కడ ఇంట్లో ఇంగ్లీషు వింటూ పెరిగిన బిడ్డకు "టిన్" అని కూడబలుక్కోగానే తెలిసిన వస్తువు మనసులో మెదులుతుంది. ఇంట్లో తెలుగే వినే బిడ్డకు అది ఆ కల్పిత పదాల వంటిదే. అందువల్ల ప్రతి మాటనూ వస్తువుతోనో బొమ్మతోనో చూపి, తెలుగులో అర్థం చెప్పి, చిన్న వాక్యంలో పలికించడం మన టీచర్లు తప్పనిసరిగా చేర్చుకోవలసిన పని. ఆ పనిని జాలీ ఫోనిక్స్ పుస్తకాలు వాటంతట అవి చేయలేవు.

"సెడ్", "వాజ్" వంటి, అక్షరాలను బట్టి పలకలేని మాటలను విడిగా నేర్పడం సరైన ఏర్పాటు. అయితే 42 ధ్వనులతో ఆపేయకూడదు. "రైన్", "ప్లే", "కేక్" మాటల్లో ఒకే ధ్వనిని మూడు రకాలుగా రాస్తారన్నది ఆ తర్వాతి దశలోనే వస్తుంది.

కొనదలచిన తల్లిదండ్రులు గోడ చార్టుల కంటే ముందు, నేర్చిన ధ్వనులతోనే రాసిన చిన్న కథల పుస్తకాలను తీసుకోవాలి. బడిని ఎంచుకునేవారు టీచరుకు శిక్షణ ఉందా అని అడిగి, వీలైతే ఒక పాఠం స్వయంగా వినాలి.