స్లీవా, బైపాసా? స్థూలకాయానికి ఏ ఆపరేషన్ మేలు?

బరువు తగ్గించే ఆపరేషన్ కోసం వెళ్లినవారు ముందుగా అడిగేది ‘ఎన్ని కిలోలు తగ్గుతాను?’ అని. దానికన్నా ముందు తేల్చుకోవలసింది, రాత్రి పడుకున్నాక గొంతులోకి పుల్లనీళ్లు ఎగదన్నుతున్నాయా లేదా అన్నది.

స్లీవ్ అనే ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, 75 నుంచి 80 శాతం తీసివేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారపు సన్నని గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దానితోపాటే పోతుంది కనుక, నాలుగు ముద్దలకే కడుపు నిండడంతోపాటు ఆకలీ మందగిస్తుంది. పేగుల జోలికి వెళ్లరు. అయితే ఆ గొట్టంలో ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి తన్నవచ్చు. అసలే ఛాతీలో మంట ఉన్నవారికి అది ముదరవచ్చు. భరించలేనప్పుడు బైపాస్‌గా మార్చవలసి వస్తుంది, అంటే రెండో ఆపరేషన్.

రెండోదైన గ్యాస్ట్రిక్ బైపాస్‌లో ఏదీ తీసివేయరు. జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే సంచిని వేరుచేసి, దానికి చిన్నపేగును కలుపుతారు. తిన్నది చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా దిగిపోతుంది. ఐరన్, కాల్షియం బాగా ఒంటబట్టేది అక్కడే కాబట్టి, వాటి మాత్రలు, బి12 జీవితాంతం వాడాలి. పండుగపూట రెండు అరిసెలు తింటే, తీపి ఒక్కసారిగా పేగులోకి దిగి గుండెదడ, చెమటలు, విరేచనాలు పట్టుకోవచ్చు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి: బరువు మోసి అరిగిన మోకాళ్లకు, చీటీ లేకుండానే మందుల షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొని మింగే అలవాటు మనలో చాలామందికి ఉంది. బైపాస్ అయినవారికి ఆ మాత్ర, పొగతాగడం, రెండూ సంచికి పేగు అతికించిన చోట పుండు పుట్టించవచ్చు.

ఫిన్లాండ్‌లో 240 మందిని పరిశీలించిన అధ్యయనం పదేళ్ల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఉండవలసినదానికన్నా ఎక్కువగా ఉన్న బరువులో స్లీవ్‌తో 43.5 శాతం, బైపాస్‌తో 51.9 శాతం తగ్గింది. షుగరు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైకి తన్నే ఆమ్లంతో అన్నవాహిక లోపొర దెబ్బతిన్నవారు మాత్రం స్లీవ్‌లో 31 శాతం, బైపాస్‌లో 7 శాతం.

అందుకే ఛాతీలో మంట ఉన్నవారికి, మాత్రలు తప్పకుండా వేసుకుంటామన్న నమ్మకం ఉంటే, బైపాసే మేలంటాను. మంట లేనివారికి, ముఖ్యంగా నొప్పి మాత్రలు మానలేనివారికి, స్లీవ్ నయం. జీర్ణాశయం పైభాగానికి పట్టీ బిగించే ఒకప్పటి గ్యాస్ట్రిక్ బ్యాండ్‌ను ఇప్పుడు దాదాపు వదిలేశారు. ఇక అన్నవాహిక, జీర్ణాశయం ఎలా ఉన్నాయో లోపలికి గొట్టం పంపి చూసే ఎండోస్కోపీ చేయకుండానే ఫలానా ఆపరేషన్ అని తేల్చి తేదీ ఇచ్చేస్తే, ఒప్పుకునే ముందు మరో సర్జన్‌కు చూపించుకోండి.