భూకంపాల గుంపు: నీళ్ల పనా, ఫాల్ట్ నెమ్మదిగా జారడమా?

2021 నవంబరు 14 పొద్దున అక్కయ్యపాలెం, తాటిచెట్లపాలెం వైపు భూమి కదిలింది. తీవ్రత 1.8. అప్పుడూ ఇప్పుడూ విశాఖలో ఇలాంటిది జరిగినప్పుడల్లా "బోర్లు వేసి వేసి భూమిని గుల్ల చేశారు" అనే మాట వాట్సాప్‌లో తిరుగుతుంది. ఒక్క కుదుపుతో ఏదీ తేలదు. వారాల తరబడి, ఫలానాదే పెద్దది అని చెప్పలేనట్టు వరసగా చిన్న కంపాలు వస్తేనే విషయం ఉంటుంది. వీటినే స్వార్మ్ అంటారు. 2020 అక్టోబరులో హైదరాబాద్ బోరబండ జనాన్ని రాత్రిళ్లు ఇళ్లలోంచి బయటికి పరిగెత్తించినవి ఇవే. మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో 2018 నవంబరులో మొదలై ఏళ్ల తరబడి సాగాయి.

కారణం ఏమిటన్నదానికి పోటీలో ఉన్నవి ముఖ్యంగా రెండు. ఒక కంపం పక్కదాన్ని, అది ఇంకోదాన్ని లేపుతుందనే మూడో వాదన ఉంది గానీ, అది ఆఫ్టర్‌షాక్‌లకు (పెద్ద కంపం తర్వాత వచ్చే చిన్నవాటికి) నప్పినంతగా స్వార్మ్‌కు నప్పదు.

మొదటిది నీటి ఒత్తిడి. నీళ్లు రాళ్ల మధ్య నూనెలా పనిచేసి జారుస్తాయని చాలామంది అనుకుంటారు. అసలు పని అది కాదు. వేడినీళ్లతో కడిగిన గాజు గ్లాసును తడి గట్టు మీద బోర్లిస్తే, ఒక్కోసారి ఎవరూ ముట్టుకోకుండానే పక్కకు జారుతుంది. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి గ్లాసు బరువును కాస్త మోస్తుంది కాబట్టి. ఫాల్ట్‌లోని, అంటే భూమి లోపల రాళ్లు జారే పగులులోని నీళ్లూ అలాగే ఒత్తిడితో రెండు రాతి ముఖాల మధ్య బిగువు తగ్గిస్తాయి. దీనికి గట్టి సాక్ష్యం అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో రేంజ్లీ చమురు క్షేత్రంలో ఉంది. 1969 నుంచి అక్కడ బావుల్లోకి నీళ్లు ఎక్కించి, దించి చూశారు. ఒత్తిడి ఒక హద్దు దాటితే కంపాలు పెరిగేవి, దించితే తగ్గేవి. అదే రాష్ట్రంలోని డెన్వర్ దగ్గర మాత్రం లోతైన బావిలోకి వ్యర్థజలం పంపడం 1966లో ఆపేశాక, అన్నిటికంటే పెద్ద కంపాలు 1967లో వచ్చాయి. కుళాయి కట్టేసినా లోపలి ఒత్తిడి పాకుతూనే ఉంటుంది మరి. మన మహారాష్ట్రలోని కొయినా డ్యామ్ దగ్గర 1962లో జలాశయం నింపడం మొదలైంది. 1967 డిసెంబరులో 6.3 తీవ్రత భూకంపం 170 మందికి పైగా ప్రాణాలు తీసింది.

రెండోది నెమ్మది జారుడు. ఫాల్ట్ చప్పుడు చేయకుండా రోజుల తరబడి జారుతూ, దారిలో బిగుసుకున్న చోట్లను పట్టున విడగొడుతుంది. కంపాలను నమోదు చేసే సీస్మోగ్రాఫ్‌కు ఆ విరుపులే వినిపిస్తాయి; అసలు జారుడు జీపీఎస్‌కే దొరుకుతుంది.

ఎవరి వాదన నెగ్గుతుందో కంపాలు పాకే వేగం చాలావరకు చెబుతుంది. నీటి ఒత్తిడి పోనుపోను మందగిస్తుంది: రెండింతల దూరానికి సుమారు నాలుగింతల కాలం. నెమ్మది జారుడైతే కొన్నిచోట్ల గంటకు కిలోమీటరు దాకా పరిగెడుతుంది. కాలిఫోర్నియాలోని కహుయిలాలో 2016 నుంచి 2019 దాకా 22,000కు పైగా కంపాలు, పెద్దది 4.4, తీరిగ్గా వ్యాపించాయి. అక్కడ నీళ్లకే నా ఓటు.

అయితే ఈ రెంటినీ శత్రువులుగా చూడటం నాకు నచ్చదు. దక్షిణ ఫ్రాన్స్‌లో 282 మీటర్ల లోతున ఉన్న ఫాల్ట్‌లోకి శాస్త్రవేత్తలు నేరుగా నీళ్లెక్కించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ముందు వచ్చింది చప్పుడు లేని జారుడు. చిన్న కంపాలు ఆ తర్వాతవి. జపాన్ నోటో ద్వీపకల్పంలోనూ 2020 చివర్లో మొదలైన స్వార్మ్‌కు కిందినుంచి ఎక్కిన ద్రవాలు, నెమ్మది జారుడు రెండూ కారణమని పరిశోధకులు అంటున్నారు. అక్కడే 2024 జనవరి 1న 7.5 తీవ్రతతో భూమి బద్దలైంది. పెద్ద విరుపు మొదలయ్యాక నీళ్ల పాత్ర ఇంకా తిరకాసుగా ఉంటుంది. రాపిడి వేడికి నీళ్లు వ్యాకోచించి ఫాల్ట్‌ను మరింత వదులు చేయొచ్చు. పగుళ్లు తెరుచుకుని ఒత్తిడి పడిపోతే బ్రేకూ పడొచ్చు.

విశాఖలో లోవ గార్డెన్స్ దగ్గర కొండ కింద 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచే గుహలున్నాయి. చుట్టూ రాతిలోని నీటి ఒత్తిడే చమురును బయటికి పోనివ్వదు. అది భూజలానికి సహజంగా ఉండే ఒత్తిడికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి నాకు వాటి గురించి టెన్షన్ లేదు. రేపు ఇక్కడ స్వార్మే వస్తే బోర్ల మీద పడేముందు మూడు అడుగుతాను: ఎంత లోతున, వానలు పడి ఎన్నాళ్లయింది, కంపాలు ఎటు ఎంత వేగంగా పాకుతున్నాయి. లోతు తక్కువై, వానాకాలం వెనకే వచ్చి, పాకుడు మందగిస్తుంటే మొదటి అనుమానం నీళ్ల మీదే. వేగం తగ్గకపోతే జీపీఎస్ లెక్కలు వచ్చేదాకా నోరు మూసుకోవడం మేలు.