మ్యూజ్‌స్కోర్ స్టూడియో సమీక్ష: స్వరకర్త బల్ల నుంచి వాద్యకారుడి స్టాండు దాకా

ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య పద్ధతి అయిన స్టాఫ్ నొటేషన్‌లో రాసుకునే స్వరకర్తలకూ, వాద్యబృందాలకు అరేంజ్‌మెంట్లు సిద్ధం చేసేవారికీ, కంప్యూటర్‌లో నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్ అయిన మ్యూజ్‌స్కోర్ స్టూడియోను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అయితే ఇలాంటి సాఫ్ట్‌వేర్ మంచిచెడ్డలు తేలేది వాద్యకారుడి ఎదుట స్టాండు మీద ఉన్న కాగితం మీదే. చెన్నైలోని వయొలిన్ బృందమైనా, మన సినిమాల నేపథ్య సంగీతం వాయించే బుడాపెస్ట్ ఆర్కెస్ట్రా అయినా, పార్టు, అంటే తన వాద్యం వరస ఉన్న కాగితం, చేతికి అందిన కాసేపటికే వాయించాలి. ఒక్క బార్‌లో, అంటే రెండు నిలువు గీతల మధ్య గడిలో, సందేహం వచ్చినా బృందమంతా ఆగవలసి వస్తుంది. ఈ సమీక్షను ఆ కాగితాన్ని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

వెర్నర్ ష్వీర్ 2002లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్, 2022 డిసెంబరులో వచ్చిన నాలుగో వెర్షన్‌తో రూపురేఖలు మార్చుకుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పూర్తిగా ఉచితం. అదే పేరుతో స్కోర్లు, అంటే వాద్యాలన్నిటి వరసలూ కలిసి ఉన్న నొటేషన్, పంచుకునే వెబ్‌సైట్ ఒకటి ఉంది, దానికి చందా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు కూడా డబ్బు కట్టాలేమోనని పొరబడేవారు చాలామంది కనుక, డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు చిరునామా చివర డాట్ ఆర్గ్ ఉందో లేదో చూసుకోవడం మంచిది.

స్వరాలు ఎక్కించే పద్ధతి దీని అసలు బలం. ఎన్ కీ నొక్కితే నోట్ ఇన్‌పుట్ మొదలవుతుంది. స్వరం నిడివిని అంకెలతో ఎంచుకోవాలి: 5 అంకె క్వార్టర్ నోటుకు, 4 ఎయిత్ నోటుకు, 6 హాఫ్ నోటుకు. ఆపైన ఎ నుంచి జి వరకు అక్షరాలే స్వరాలు. ఎంచుకున్న భాగాన్ని ఆర్ కీ మళ్లీ రాసిపెడుతుంది. మౌస్‌ను పక్కన పెట్టి వీటిని చేతికి అలవాటు చేసుకున్నవారికి, మనసులో మెదిలిన వరస చెదరకముందే కాగితం మీదికి వస్తుంది. వీటికంటే నాకు ఎక్కువ ఉపయోగపడేది రీపిచ్ మోడ్. మొదటి వయొలిన్ వరసను పూర్తిగా రాసి, రెండో వయొలిన్, వియోలా స్టాఫ్‌లలోకి కాపీ చేసి, ఈ మోడ్‌లో లయను అలాగే ఉంచి స్వరాలను మాత్రం మార్చుకుంటూ పోతే, హార్మనీ రాయడానికి పట్టే సమయం బాగా తగ్గుతుంది. స్వరాలను కలిపి పలికించే స్లర్‌లు, కమాను కదలిక చూపే బోయింగ్ గుర్తులు, హెచ్చుతగ్గులు చెప్పే డైనమిక్స్ ఆ తరువాతే పెట్టాలి. ముందే పెడితే స్వరం మారినప్పుడల్లా వాటినీ సరిచూసుకోవలసి వస్తుంది.

మన తాళాల్లో రాసేవారు మొదటి బార్‌కు ముందే చేయవలసిన పని ఒకటుంది. మిశ్రచాపును ఏడు ఎయిత్ నోట్లుగా రాసినప్పుడు బీములు, అంటే స్వరాల కాడలను కలిపే అడ్డగీతలు, తకిట తకధిమి విరుపును చూపాలి. అంటే మూడు, నాలుగుగా విడిపోవాలి. టైమ్ సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లో నోట్ గ్రూపులను ముందే అలా అమర్చుకుంటే స్కోరు అంతటా అదే విరుపు వస్తుంది. ఖండచాపుకు తక తకిటను అలాగే పెట్టుకోవచ్చు. కర్ణాటక సంగీతం ఎరుగని వాద్యకారుడు కూడా బీమును చూసి ఊనిక ఎక్కడ పడాలో గ్రహిస్తాడు.

తెలుగు సాహిత్యం ఎక్కించడం మరికాస్త ఓపిక కోరే పని. కంట్రోల్‌తో ఎల్ నొక్కి అక్షరాలు టైప్ చేస్తూ, ఒకే పదంలోని తరువాతి అక్షరానికి హైఫన్‌తో, కొత్త పదానికి స్పేస్‌తో, ఒక అక్షరం పలు స్వరాల మీద సాగితే అండర్‌స్కోర్‌తో ముందుకు వెళ్లాలి. ‘చిన్నారి’ వంటి పదాన్ని చి, న్నా, రి అని విడదీయడమే నాకు సబబుగా తోస్తుంది. మొదటి స్వరం మీద గాయని అచ్చును నిండుగా నిలిపి, రెండో స్వరం అందుకునే చోట హల్లును పలుకుతుంది. అక్షరాల కింద వేలాడే ఒత్తులు రెండో చరణం పంక్తికి తగలకుండా, స్టైల్ అమరికల్లో సాహిత్యం పంక్తుల మధ్య దూరాన్ని పెంచుకోవాలి.

మ్యూజ్ సౌండ్స్ పేరుతో ఉచితంగా దొరికే ధ్వనులు, ముఖ్యంగా తంత్రీవాద్యాలవి, ఆశ్చర్యపరిచేంత బాగుంటాయి. అవి వినసొంపుగా ఉన్నందువల్లే రాసేవారు జాగ్రత్తగా ఉండాలి. వయొలిన్‌కు అన్నిటికంటే కింది స్వరమైన జి, దాని పైనున్న బి ఒకేసారి మోగాలని రాస్తే సాఫ్ట్‌వేర్ చక్కగా వినిపిస్తుంది. కానీ ఆ రెండు స్వరాలూ ఒకే తీగ మీద ఉన్నవి కనుక ఏ విద్వాంసుడూ కలిపి వాయించలేడు. వాద్యం పరిధి దాటిన స్వరాన్ని ఎరుపు రంగులో చూపి హెచ్చరించే ఈ సాఫ్ట్‌వేర్, పరిధి లోపలి అసాధ్యాలను పట్టుకోదు. ఫ్లూట్ మంద్రస్వరాలు ట్రంపెట్ పక్కన వినిపించవన్న సంగతి కూడా ప్లేబ్యాక్‌లో తెలియకపోవచ్చు. రాసేటప్పుడు మిక్సర్‌లో తేలికైన ఎంఎస్ బేసిక్ ధ్వనులు పెట్టుకుని, పని ముగిశాక మ్యూజ్ సౌండ్స్‌కు మారాలని నా సలహా. పాత ల్యాప్‌టాప్‌కు భారం తగ్గుతుంది, శ్రావ్యతకు మురిసిపోయి లోపాలను వదిలేసే ప్రమాదమూ తగ్గుతుంది.

పేజీల అమరికను స్వరాలన్నీ స్థిరపడ్డాకే ముట్టుకోవాలి. స్కోరులో దిద్దిన స్వరం పార్టులలో దానంతటదే మారుతుంది గానీ, ప్రతి పార్టులో పేజీ తిప్పే చోటు మాత్రం మనమే చూసుకోవాలి. వాద్యకారుడికి విరామం ఉన్న బార్లు వెతికి, అక్కడ కంట్రోల్‌తో ఎంటర్ నొక్కి పేజీ బ్రేక్ పెడితే, చేయి ఖాళీగా ఉన్నప్పుడే పేజీ తిరుగుతుంది. కొత్త ఘట్టం మొదలయ్యే చోటల్లా కంట్రోల్, ఎంతో రిహార్సల్ మార్కు, అంటే సాధనలో ఎక్కడి నుంచి వాయించాలో చెప్పుకోవడానికి పనికొచ్చే గుర్తు, పెట్టడం మరువకూడదు.

లోపాలు లేకపోలేదు. రెండు ఫ్లూట్లకు వేర్వేరుగా రాసిన వరసలను స్కోరులో ఒకే స్టాఫ్ మీదికి తానే కలిపి చూపే సౌకర్యం డబ్బు పెట్టి కొనుక్కునే నొటేషన్ సాఫ్ట్‌వేర్ డోరికో ప్రో‌లో ఉంది, ఇందులో లేదు. పలు భాగాల రచనను ఒకే ఫైలులో విడివిడి ఖండాలుగా నడుపుకునే వీలు కూడా డోరికోదే. పెద్ద సింఫనీ స్కోర్లే వృత్తిగా ఉన్నవారు డబ్బు పెట్టి దాన్ని కొనుక్కోవడంలో అర్థముంది. గమకం విషయంలో ఏ నొటేషన్ సాఫ్ట్‌వేర్ మీదా ఆశ పెట్టుకోనవసరం లేదు. స్లైడ్ గుర్తు పెట్టి, రికార్డు చేసిన గాత్రాన్ని పార్టుతో పాటు పంపడమే ఇప్పటికీ మేలైన దారి.

ఎప్పుడో 1988లో మొదలైన నొటేషన్ సాఫ్ట్‌వేర్ ఫినాలే అభివృద్ధిని నిలిపివేస్తున్నట్లు దాని తయారీసంస్థ మేక్‌మ్యూజిక్ 2024 ఆగస్టులో ప్రకటించాక, ఆ ఫైళ్లలో ఉన్న రచనలను ఎందరో మరో సాఫ్ట్‌వేర్‌లోకి మార్చుకోవలసి వచ్చింది. అందుకే ముగిసిన ప్రతి రచననూ అసలు ఫైలుతో పాటు మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌గా, పీడీఎఫ్‌గా కూడా దాచుకోవాలి. మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌లో స్వరాలూ సాహిత్యమూ మరో సాఫ్ట్‌వేర్‌లోకి భద్రంగా చేరతాయి గానీ పేజీ అమరిక యథాతథంగా నిలవదు. ఆ అమరికను తిరిగి వేసుకోవడానికి పీడీఎఫ్ ఆధారంగా ఉంటుంది.